సంతకం

నేను తెలుగు ఎం.ఏ. ప్యాసయినవాణ్ణి. కళాశాలలో ఇరవై ఏళ్ళ బట్టీ ప్రబంధాలు చెబుతున్నవాణ్ణి. ఈ రెండు సంగతులూ ముందే ఎందుకు మనవి చేస్తున్నానంటే, ఇది ఆ రెంటికీ కలిపి దెబ్బ తగిలిన కథ కనుక.

2023 లో వేసవి సెలవులయి బళ్ళు తెరిచిన కొత్తల్లో, ఒక ఆదివారం పొద్దున మా వీధి హెడ్మాష్టరుగారు మా ఇంటికి వచ్చారు. ఆయన రిటైరయి ఆరేళ్ళయింది. రిటైరయ్యారన్న మాటేగాని, ఆయన్ని చూసి ఊరిలో తతిమ్మావాళ్ళం రిటైరవుతూ ఉంటాం. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మన వీధి చివర మునిసిపల్ బడి ఉంది, ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు.

రోజూ దాని ముందునుంచే కాలేజీకి వెడతాను. అంచేత చూడలేదని అనలేను. చూశానని అంటే అబద్ధం.

"ఆ పిల్లలకు సాయంకాలం ఒక్క గంట చదువు చెబుదామని నలుగురం అనుకున్నాం. లెక్కలు చెప్పడానికి బ్యాంకులో పనిచేసి రిటైరయిన ఆవిడ ఉన్నది. ఇంగ్లీషుకి ఇంజనీరింగు కుర్రాడు ఒకడు ఒప్పుకున్నాడు. తెలుగుకి..." అని ఆగి నా వంక చూశారు.

నేను మా ఆవిడ వంక చూశాను, ఏదైనా అడ్డు చెబుతుందేమోనని. "పాపం, ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తారు!" అన్నదావిడ. అలా కుదిరింది నా ఉద్యోగం.

చెప్పొద్దూ, నాకు లోపల కొంచెం గర్వంగానే ఉన్నది. బి.ఏ. పిల్లలకు అలంకారశాస్త్రం చెప్పేవాడికి నాలుగో తరగతి వాచకం ఒక లెక్కా! మొదటిరోజు బడి వరండాలో పదహారు మంది పిలకాయలు కూర్చున్నారు. మా నెల్లూరులో పిల్లల్ని పిలకాయలంటాం. వాచకం తెరిచి చదవమన్నాను. ఒక పిల్ల గడగడ చదివింది. తక్కినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తడుముకుంటూ చదివారు. మిగిలినవాళ్ళు పుస్తకం వంక కాక నా మొహం వంక చూస్తున్నారు, ఎక్కడ ఏ మాట చెబుతానో పట్టుకుని తిరిగి అప్పజెబుదామని.

హెడ్మాష్టరుగారు ఆశ్చర్యపోలేదు. "ఇది మన బడి ఒక్కదాని సంగతి కాదు" అన్నారు. 2005 నుంచీ 'ప్రథమ్' సంస్థవారు పల్లెల్లో ఇంటింటికీ మనుషుల్ని పంపి, పిల్లల చేత చదివించి చూస్తున్నారట. ఆ వెళ్ళేవాళ్ళు కూడా చాలామంది జీతం లేని కుర్రకారే. 2022 లో దేశం మొత్తంమీద పల్లెల్లో మూడో తరగతి పిల్లలు నూరుమందిని నిలబెడితే, రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు ఇరవై మంది తేలారు. 2024 లో మళ్ళీ చూస్తే ఇరవై ఏడయ్యారు. కొంత నయమే. కాని తక్కిన డెబ్బై ముగ్గురి మాటేమిటి?

"తరగతి సంగతి మరిచిపోండి. ఎవడు ఎక్కడ ఆగాడో అక్కడ మొదలుపెట్టండి" అన్నారాయన. అక్షరాల జట్టు ఒకటి, మాటల జట్టు ఒకటి, వాక్యాల జట్టు ఒకటి, కథ చదివేవాళ్ళ జట్టు ఒకటి అని నాలుగు చేశాం. ఇది ఆయన కనిపెట్టిన సూత్రం కాదు, ప్రథమ్ వారు చాలాచోట్ల నడిపిస్తున్న పద్ధతే. అయిదో తరగతివాడు అక్షరాల జట్టులో కూర్చోవడానికి మొదట సిగ్గుపడ్డాడు. మూడు వారాలకి మాటల జట్టులోకి ఎగబాకి, ఆ సిగ్గంతా మరిచిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉన్నది. నా తెలివి ఇక్కడినుంచి బయటపడింది.

నాలుగో తరగతిలో ఒక బుడ్డోడు ఉన్నాడు. ఇంట్లో వాడినలాగే పిలుస్తారు గనుక నేనూ అలాగే అంటాను. చురుకైనవాడు. లెక్కలు వేళ్ళమీద కాదు, గాలిలో చేస్తాడు. కాని తెలుగు దగ్గర గుణింతాలు దాటడు. సాయంకాలం వరండాలో కూర్చున్న పావుగంటకే కళ్ళు మూతలు పడతాయి. ఇంట్లో పెద్దవాళ్ళ శ్రద్ధ లేకనే ఇలా అయిందని నేను తీర్మానించాను. తీర్మానించి ఊరుకున్నానా? ఉత్తరం వ్రాశాను.

"తమ కుమారుని విద్యాభ్యాసమునందు తగినంత శ్రద్ధ కానరాకున్నది. తల్లిదండ్రుల పర్యవేక్షణము లేనిచో ఉపాధ్యాయుని కృషి నిష్ఫలమగునని గ్రహింప ప్రార్థన." కింద, చదివినట్టు సంతకం చేసి పంపవలసిందని వ్రాశాను.

మర్నాడు సంతకంతో కాగితం తిరిగి వచ్చింది. నాలుగు అక్షరాలు. పెద్దవి, గుండ్రనివి. కాగితం వెనక్కి తిప్పితే చేతికి తగిలేటంత లోతుగా ఒత్తి వ్రాసినవి. ఓహో, చదువు వచ్చిన తల్లే అనుకున్నాను. చదువు వచ్చి కూడా ఇంత అశ్రద్ధా అని ఇంకా కోపం వచ్చింది. వారం తిరక్కుండా మరొకటి వ్రాశాను. దానికీ అదే సంతకం. ఇలా నాలుగు ఉత్తరాలు వెళ్ళాయి, నాలుగు సంతకాలు వచ్చాయి. కబురు చెయ్యగా ఒక్కసారి కూడా మనిషి మాత్రం రాలేదు.

ఈలోగా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టించాం. పనిరోజు, పగలు పదకొండు గంటలకి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్ళు కావాలి. చట్టం చక్కని చట్టం. తీరా చూద్దును గదా, సమావేశానికి వచ్చినవాళ్ళు అయిదుగురు. అందులో ఇద్దరు పొరపాటున రేషను కార్డు సంగతనుకుని వచ్చారు.

ఆ సాయంకాలం ఒళ్ళు మండి అయిదో ఉత్తరం వ్రాశాను. "రాబోవు ఆదివారము స్వయముగా వచ్చి సమాధానము చెప్పనిచో తమ కుమారుని ఇచ్చటికి పంపుట వ్యర్థము."

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం బుడ్డోడూ రాలేదు. మంగళవారం రాలేదు. వారమయింది. పగలు బడికి వెడుతున్నాడట గాని, సాయంకాలం మా వరండా దరిదాపులకి రావడం లేదు. వాడు కూర్చునే చోటు గోడవారగా ఖాళీగా కనబడుతూ ఉంటే, పైకి "వాడి ఖర్మ" అన్నాను గాని ఏదో గుచ్చుకుంటూనే ఉన్నది.

హెడ్మాష్టరుగారితో చెప్పాను. ఆయన అంతా విని, "శాంతా సిన్హాగారి పేరు విన్నారు గదా?" అన్నారు.

విన్నాను. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట ఉన్న ఫౌండేషను ద్వారా రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న వేలాది పిల్లల్ని బడికి చేర్చినావిడ. 2003 లో మెగసెసే బహుమానం వచ్చింది.

"బీదవాళ్ళకి పిల్లల చదువు అక్కరలేదన్న మాటను ఆవిడ ఒప్పుకోలేదండీ. అక్కర ఉన్నది, దారి తెలియదు అన్నారు. ఆ నమ్మకంతోనే వాళ్ళు ఇళ్ళకి వెళ్ళి మాట్లాడారు. మీరు ఉత్తరాలు పంపుతున్నారు. పదండి, వెడదాం."

రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాం. రైలుకట్ట పక్క సందులో రేకుల ఇల్లు. గుమ్మంలో తోపుడుబండి. లోపల గ్రైండరు చప్పుడు. నన్ను చూడగానే బుడ్డోడు మంచం కిందికి దూరాడు. వాళ్ళమ్మ పిండి చేతులతో లేచి నుంచుంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మూలనున్న ముసలావిడ మా కోసం చాప పరిచింది.

"మీరే గదా అయ్యోరా, పిలగాణ్ణి రావద్దని రాసింది. తప్పు చేసినాడేమోనని రెండు దెబ్బలు కూడా ఏసినా" అన్నదా తల్లి.

నేను అలా వ్రాయలేదన్నాను.

ఆవిడ గూట్లోంచి ఒక ప్లాస్టిక్కు కవరు తీసింది. అందులో రేషను కార్డు, ఆధార్ కార్డులు, ఏదో ఆస్పత్రి చీటీ, వాటి మధ్య నా ఉత్తరాల తాలూకు జిరాక్సు కాపీలు. ఉత్తరం నాకు తిప్పి పంపేముందు, రెండు రూపాయలిచ్చి కాపీ తీయించి దాచిందట! "అయ్యోరు పంపిన కాయితాలు గదా, ఎప్పుడన్నా అవసరం పడతాయని పెట్టినా" అన్నది.

"మరి ఇవి ఎవరు చదివారమ్మా?"

"మాకు యాడొచ్చు సామీ? వాణ్ణే చదవమన్నాం. వాడు గుడ్లప్పగించి చూసినాడు. ఇదేంది అంటే, అయ్యోరి రాత గొలుసురాత, నాకింకా రాలేదన్నాడు. మంచి మాటే రాసుంటారులే అని అమ్మ సంతకం పెట్టింది. ఆ కడాది మాత్రం మందుల షాపు పిల్లోడికి చూపిస్తే, పంపబాకండని రాసుందన్నాడు."

అయ్యా, అప్పుడు నాకు తెలిసింది నేను చేసిన పని. చదవడం రాని పిల్లవాడి చేతికిచ్చి, చదవడం రాని తల్లికి, వాడికి చదవడం రాలేదని ఉత్తరం వ్రాశాను! అదీ గ్రాంథికంలో! గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం ఎంత పోరాడారో ఏటేటా మైకు ముందు చెప్పేవాణ్ణి నేనే. హెడ్మాష్టరుగారు నా వంక చూడకుండా పైన రేకుల వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన దయ అది.

ఆ అవమానంలోంచి తప్పించుకోవడానికి సంతకం సంగతి అడిగాను. ముసలావిడ నవ్వింది.

"నాదే నాయనా. రాత్రిబళ్ళో నేర్చినా. సారా గొడవల ముందర. ఇది చంకలో పిల్ల అప్పుడు. టెన్తు చదివే పిల్లోడు మాకు అయ్యోరు. అక్షరాలన్నీ వచ్చినాయి, వాడకం లేక పొయినాయి. పొదుపు సంఘం పుస్తకంలో పెట్టీ పెట్టీ సంతకం ఒకటి మిగిలింది."

నాకు మాట రాలేదు. 1990 లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న పల్లెటూరి బడిపంతులు. రాత్రి భోజనాలయాక ఆయన వెనక లాంతరు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆడవాళ్ళు అంట్లు తోమిన తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పలకలు పట్టుకునేవారు. ఆ వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారం కథ ఉండేది. ఆ చదువులు, ఆ చర్చలు కలిసే దూబగుంటలో రోశమ్మా, ఆవిడ తోటివాళ్ళూ సారాకొట్టు మీదికి నడిచారు. నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇదంతా లోకానికి తెలిసిన చరిత్ర.

నాకు గుర్తున్నది వేరొకటి. కోతల రోజుల్లో ఒక రాత్రి మేము వెడితే ఒక్క ఆడమనిషి లేదు. నేను విసుక్కున్నాను. మా నాన్న విసుక్కోలేదు. "వాళ్ళు కళ్ళంలో ఉంటారురా" అని పలకల సంచీ నా నెత్తికెత్తి కళ్ళానికే నడిపించాడు. ఆ రాత్రి వరికుప్పల పక్కన చదువు సాగింది. ఆ నాన్న కొడుకునయి ఉండీ, పాచిపనులు చేసుకునే తల్లుల్ని పగలు పదకొండింటికి రమ్మని, రాలేదని అలిగాను.

"మరి నీ కూతురికి చెప్పించలేదేం అమ్మా?" అని హెడ్మాష్టరుగారు అడిగారు.

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. "మూడు దాకా పొయింది. తమ్ముడు పుడితే ఎత్తుకునేదానికి మానిపించినా. నా చేతులారా చేసిందే" అని చాప అంచు గిల్లుతూ కూర్చుంది. కూతురు ఏమీ అనలేదు. గ్రైండరు దగ్గరికి వెళ్ళి పిండి తోయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత సమావేశం రామమందిరం అరుగుమీద, రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టాం. ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు, ఆరుగురు మగవాళ్ళు వచ్చారు. బడిలో పనిచేసే టీచరమ్మ కూడా చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. ఆ అమ్మాయికి మా నలుగురిమీదా మొదటినుంచీ అనుమానమే, తప్పులు పట్టడానికి వచ్చామని. ఆమె తప్పులేదు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. పిల్లల హాజరు ఫోనులో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించాలి. మిగిలిన టైములో చదువు.

ఆ రాత్రి ఉపన్యాసాలు లేవు. ఒక్కొక్క పిల్లా లేచి తన జట్టు పాఠం నాలుగు వాక్యాలు చదవాలి, తల్లి వినాలి, అంతే. మధ్యలో టీచరమ్మ బుడ్డోడి తల్లితో, "రోజూ తొమ్మిదిన్నర దాటాక వస్తాడు. అందుకే నిలబెడుతున్నాను" అన్నది.

"ఇడ్లీ బండికాడ ప్లేట్లు కడుగుతాడమ్మా. వాళ్ళ నాన్న లారీమీద పోతాడు. నేనొక్కదాన్నే ఏగలేను. మొదట గంటకి వాడొచ్చి ఏం చేస్తాడులే అనుకున్నా" అన్నదావిడ.

టీచరమ్మ ఒక్క నిమిషం ఊరుకున్నది. "మొదటి గంట తెలుగు" అన్నది మెల్లిగా.

చూశారా! మూడేళ్ళ బట్టీ వాడి తెలుగంతా ఇడ్లీ ప్లేట్లలో కడుక్కుపోయింది. సాయంకాలం నిద్రకు కారణం, నాలుగింటికే లేపడం. ఇది ఏ చట్టంలోనూ దొరకదు, నా అలంకారశాస్త్రంలోనూ దొరకదు. తల్లీ టీచరూ ఒక అరుగుమీద కూర్చుంటే అయిదు నిమిషాల్లో తేలింది. టీచరమ్మ మర్నాటినుంచి తెలుగు మధ్యాహ్న భోజనం తర్వాతకి మార్చింది. ఎనిమిదిన్నరకల్లా పిల్లవాణ్ణి వదిలేస్తానని తల్లి ఒప్పుకున్నది. ప్లేట్లు కడగడానికి ముసలావిడ దిగింది.

"మాకు చదువు రాదే, ఇంటికాడ ఏం చెయ్యాల?" అని ఒకావిడ అడిగింది. హెడ్మాష్టరుగారు చెప్పిన జవాబు నేను రాసిపెట్టుకున్నాను. "రోజూ పది నిమిషాలు బిడ్డ చేత పైకి చదివించుకోండి. మీకు అక్షరం రాకపోయినా, వాడు ఎక్కడ తట్టుకున్నాడో చెవికి తెలుస్తుంది. తట్టుకున్న చోట వేలు పెట్టించి గుర్తు పెట్టమనండి. మర్నాడు టీచరమ్మ చూసుకుంటుంది." ఇప్పటికీ మా పని మొత్తంలో ఇంతకుమించిన మంత్రం లేదు.

అన్నీ కుదిరిపోయాయని చెప్పను. ఇద్దరు పిల్లలు మధ్యలో ఊరు విడిచిపోయారు. ఇంజనీరింగు కుర్రాడికి ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళాడు. వానాకాలంలో అరుగుమీదికి జల్లు కొట్టి సమావేశాలు తప్పాయి. బుడ్డోడు కథల జట్టులోకి రావడానికి ఏడాది పైన పట్టింది.

2024 డిసెంబరు 7, శనివారం. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళన్నిటా ఒకేసారి తల్లిదండ్రుల సమావేశం జరిపించారు. మా బడి వాకిట తల్లులు ముగ్గులు వేశారు. ఇడ్లీ బండి ఆ రోజుకి తొందరగా కట్టేసి, తల్లీ అమ్మమ్మా ఇద్దరూ వచ్చారు. బుడ్డోడు అయిదో తరగతి. టీచరమ్మ ప్రోగ్రెసు కార్డు ఇచ్చి, సంతకం చెయ్యమని పెన్ను చూపించింది. అలవాటు చొప్పున ముసలావిడ చెయ్యి చాపింది.

కూతురు ఆ చేతిని పక్కకు జరిపింది. కార్డు కొడుకు ముందు పెట్టి, "ఏం రాసుండాదో చదవరా. ఇన్నాకనే పెడతా" అన్నది.

వాడు చదివాడు. తెలుగు బాగా మెరుగుపడిందని ఉన్నది, చదివాడు. లెక్కలు చాలా బాగున్నాయని ఉన్నది, చదివాడు. తర్వాతి వరుస దగ్గర ఆగాడు. నా వంక చూశాడు. నేను గోడమీద పటం చూస్తున్నాను. వాడు గుటక మింగి, "తోటి పిల్లలతో తగాదాలు తగ్గించుకోవాలి" అని అదీ చదివేశాడు, ఒక్క ఒత్తు కూడా పోనివ్వకుండా.

వాళ్ళమ్మ వాడి నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది. పెన్ను పిడికిట్లో పట్టుకుని, మూడో తరగతి నాటి అక్షరాలు ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చి, తన పేరు తను వ్రాసింది. వంకరగానే వచ్చింది. ముసలావిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి, ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది.

నేనిప్పటికీ ఇళ్ళకి చీటీలు పంపుతూనే ఉన్నాను. ఒక్క వాక్యం, విడివిడి అక్షరాలు. పంపేముందు మా పిలకాయల్లో ఒకడు చదివి, తెలిసిందంటేనే అది గుమ్మం దాటుతుంది. మొన్న బుడ్డోడు ఒక చీటీ వెనక్కి ఇచ్చాడు. "సార్, 'హాజరు కాగలరు' ఎందుకు? 'రండి' అంటే పోదా?" అన్నాడు.

దిద్ది వ్రాసి ఇచ్చాను.